రెండు ముక్కుల గది

తెల్లనివన్నీ పాలు, నల్లనివన్నీ నీళ్లు అనుకునే అమాయకులు లోకంలో చాలామందే ఉంటారు గానీ, అలాంటివాళ్లు ఆ ఇంట్లో ఒక్క పూట కూడా నెగ్గలేరు. ఆ ఇంట్లో నల్లనివే నాలుగు రకాలు. నాలుగూ బీర్లే. గ్లాసుల్లో పోసి వరసగా పెడితే ఒక్క తల్లి పిల్లల్లా ఉంటాయి. ఏది ఏదో చెప్పలేకపోతే మామగారు తిట్టడు, ఓ నవ్వు నవ్వుతాడు. ఆ నవ్వు కంటే నాలుగు తిట్లు తిన్నా నయమే.

పైన కాపురం, కింద బీరు కాచే కార్ఖానా. పెద్ద పెద్ద రాగి కాగులు, వాటి వెనక స్టీలు ట్యాంకులు, ఎప్పుడూ తడారని గచ్చు, గచ్చు చివర మురుగు కాలవ. మెట్ల పక్కన చిన్న గది ఒకటి ఉంది. దాన్ని రుచి గది అంటారు. ఆ గదిలో సరే అనిపించుకోకుండా ఒక్క పీపా కూడా వీధి మొహం చూడదు. గదిలో రెండు కుర్చీలు. ఒకటి మామగారిది, రెండోది కోడలిది. మన గొడవంతా ఆ రెండో కుర్చీ గురించే.

ఆ కుర్చీ ఆమెకి ఊరికే రాలేదు. పెళ్లయి వచ్చిన కొత్తలో మాల్ట్ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. మాల్ట్ అంటే ఏమీ లేదు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. నల్ల బీర్లకైతే దాన్ని కొంత ఎర్రగా, కొంత బొగ్గులా వేయిస్తారు. కొత్తకోడలు ముక్కు మూసుకుని మెట్లెక్కి పారిపోయేది. అలాంటి మనిషి ఒకరోజు మామగారికి ఫోను వచ్చిందని చెప్పడానికి రుచి గది గుమ్మం దాకా వచ్చి, బల్లమీద మూడు గ్లాసుల వైపు ముక్కు ఎగబీల్చి, "అదేంటి మామయ్యగారూ, ఆ చివరిది వేరేగా మాడిందే?" అంది.

నల్ల బీర్లలోనే మొదటి రెండూ పోర్టర్ అనే రకం, చివరిది స్టౌట్ అనే రకం. ఆయన తన ముక్కుని తానే పరీక్ష చేసుకుంటూ కూర్చున్నాడు. ఫోను సంగతి గాలికి పోయింది.

"ఇలా రా. కూర్చో అమ్మాయ్," అన్నాడు.

అప్పటిదాకా ఆ ఇంట్లో ఆమెని "అది తే, ఇది తే" అన్నవాళ్లే గానీ "కూర్చో" అన్నవాళ్లు లేరు. ఆ కుర్చీలో కూర్చున్న రోజునుంచి ఆమె మాటకి విలువ వచ్చింది. కాగుల దగ్గర మనుషులు "కోడలుగారూ, ఇది చాలా?" అని అడగడం మొదలుపెట్టారు. చిన్నాయన అని అందరూ పిలిచే ఆమె భర్త కూడా, వ్యానెక్కేముందు ఒకసారి ఆమె వైపు చూసి తల ఊపితే గానీ బండి తీసేవాడు కాదు. అతను బీరు ముట్టడు, తలనొప్పి అంటాడు. ఊరంతా బీరు పోసి తను మంచినీళ్లు తాగే మనిషి.

మామగారు చదువు చెప్పినట్టు చెప్పాడు ఆమెకి.

"పోర్టర్ మెత్తటి మనిషమ్మా. చాక్లెట్ తినేశాక కాగితం వాసన చూసినట్టుంటుంది. గ్లాసు దీపానికి అడ్డం పెట్టు, అంచులో ఎర్రగా కనపడుతుంది చూడు. స్టౌట్ అలాక్కాదు. మొలకెత్తించని బార్లీని బొగ్గు చేసినంత పని చేసి వేస్తాం అందులో. కాఫీ గింజ నమిలినట్టుంటుంది, మింగాక నాలుక ఆరిపోతుంది. పాల స్టౌట్ ఉందే, అదీ ఆ మనిషే. కాకపోతే అత్తారింటికి వచ్చినప్పటి మనిషి. పాలచక్కెర పడుతుంది గదా, నోరంతా తీపి."

"మరి ఈ నాలుగోది?"

"నల్ల లాగర్. చూడ్డానికి పెద్ద రౌడీ. కళ్లు మూసుకుని తాగు, మామూలు బీరే. ఉత్త రంగు. దాన్ని చూసి ఎవరూ దడుచుకోనక్కర్లేదు."

"పోర్టర్‌కీ స్టౌట్‌కీ నిజంగా అంత తేడా ఉందా మామయ్యగారూ, మనం పెట్టుకున్నదా?"

ఆయన పగలబడి నవ్వాడు. "ఒకప్పుడు రెండూ ఒకటేనే! కాస్త గట్టి పోర్టర్‌ని స్టౌట్ అనేవాళ్లు. తర్వాత అన్నదమ్ములు వేరుపడ్డట్టు వేరుపడ్డాయి. ఇప్పటికీ కొన్నిచోట్ల కాసినవాడికే తెలీదు ఏది కాశాడో. మన ఇంట్లో మాత్రం తెలియాలి."

మన ఇంట్లో మాత్రం తెలియాలి. ఆ ఇంటి పొగరంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఆ కార్ఖానాలో ఏ డబ్బా మీదా చీటీ ఉండదు, ఏ మూట మీదా పేరు ఉండదు. ఎవరైనా కొత్తవాళ్లు వచ్చి పేర్లు రాసి అంటిస్తామంటే పెద్దాయన, అంటే మామగారే, "చీటీలు ముక్కు లేనివాళ్లకి" అనేవాడు. మూత తీసి వాసన చూస్తే చాలు, లోపలున్నదే తన పేరు చెప్పుకుంటుందని ఆయన నమ్మకం.

ఆ గదికి ఆయన పెట్టిన కట్టుబాటు ఒకటుంది. ఒక ముక్కు అబద్ధమాడొచ్చు, రెండు ముక్కులు కలిసి అబద్ధమాడవు. అందుకని రెండు కుర్చీలూ వీపు వీపు ఆనించి ఉండేవి. ఎవరి బల్ల వాళ్ల ముందు. ఒకరి మొహం ఒకరికి కనపడకూడదు, నోరు మెదపకూడదు. తాగి చూసి, బాగుంటే మిగిలింది బకెట్లో పోసి గ్లాసు బోర్లించాలి. బాగాలేకపోతే గ్లాసు అలాగే వదిలెయ్యాలి. రెండు గ్లాసులూ బోర్లిస్తేనే పీపా బయటికి పోతుంది. ముక్కు పోయినవాళ్లు ఎవరైనా సరే, ఆ గది గుమ్మం దాటి బయటికి పోవాల్సిందే.

ఉత్త మాట కాదిది. కోడలి కంటే ముందు ఆ రెండో కుర్చీలో కూర్చున్నది మామగారి సొంత తమ్ముడు. చుట్టలు తాగి తాగి ఆయన ముక్కు మొద్దుబారిందని ఒకరోజు బయటపడింది. అన్నగారు అందరి ముందూ కుర్చీ లాగేశాడు. "తమ్ముడివి, అన్నం పెడతాను. గదిలోకి మాత్రం రాకు," అన్నాడు. చిన్నమామయ్య ఆ మర్నాడే మూటాముల్లే సర్దుకుని వెళ్లిపోయాడు. బతికున్నన్నాళ్లూ మళ్లీ ఆ గడప తొక్కలేదు. అది కోడలు కళ్లారా చూసింది.

అందుకే, పోయిన చలికాలం జ్వరం తగ్గి మంచం దిగిన రోజు సబ్బు వాసన రాకపోతే ఆమె గుండెల్లో రాయి పడింది. సబ్బు, వక్కపొడి, తడి తువ్వాలు, చివరికి ఘాటైన నొప్పి మందు. ఏదీ లేదు. ముక్కు ఉంది, ఊపిరి ఆడుతోంది, లోకమే లేదు. డాక్టరు దగ్గరికి ఒక్కతే వెళ్లింది. "రావచ్చు, రాకపోవచ్చు. ఓపిక పట్టండి," అన్నాడాయన. ఓపికదేముంది, ఎంతైనా పడుతుంది. కుర్చీ ఓపిక పడుతుందా?

ఎవరికీ చెప్పలేదు. ఇంటి దొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు గదా, ఆమె ఆ ఇంటి దొంగ అయిపోయింది. కొన్నాళ్లలో నయమైపోతుంది, ఈలోపు ఎవరికీ తెలియకపోతే చాలు అనుకుంది.

పైగా నాలుగు నల్లవాటినీ ముక్కు లేకుండా విడదీయడం ఆమె అనుకున్నంత కష్టం కాలేదు. నాలుక ఇంకా చచ్చిపోలేదు గదా! తీపి తగిలితే పాల స్టౌట్. నాలుక ఆరిపోయి, గొంతు దగ్గర చేదు నిలబడితే స్టౌట్. దీపానికి పెడితే అంచు ఎర్రగా ఉండి, చేదు తొందరగా వదిలేస్తే పోర్టర్. నోట్లో పల్చగా, చల్లగా జారిపోతే ఆ ఉత్తుత్తి రౌడీ. నురగ రంగు చూసేది, గ్లాసు వంచి పక్కకి కారే తీరు చూసేది. ఒక్కటి కూడా తప్పలేదు. తనకి తానే ఆశ్చర్యపోయింది.

ఇంకో అదృష్టం కూడా కలిసొచ్చింది, లేక ఆమె అలా అనుకుంది. అప్పటికే మామగారు కుర్చీలు తిప్పించేశాడు. "కిటికీ గాలికి మెడ పట్టేస్తోందే అమ్మాయ్. ఇటు నీ ఎదురుగా కూర్చుంటాను," అని తన కుర్చీ తెచ్చి ఆమెకి ఎదురుగా వేసుకున్నాడు. కట్టుబాటు పెట్టినాయనే మార్చుకుంటే కాదనేదెవరు? ఇప్పుడు ఆయన మొహం ఆమెకి కనపడుతుంది. ఆయన గ్లాసు బోర్లిస్తే తనూ బోర్లిస్తుంది. ఆయన ఆగితే తనూ ఆగుతుంది. ఆయనకి మాత్రం అనుమానం రాకుండా, గ్లాసు ముక్కు కింద పెట్టుకుని నిండుగా ఊపిరి పీల్చి, కళ్లు సగం మూసి "ఊఁ" అనేది, అంతా తెలిసినదానిలా. ఆ "ఊఁ" కోసం అద్దం ముందు నిలబడి సాధన చేసింది పాపం.

ఒక్కసారి మాత్రం దొరికిపోయానే అనుకుంది. పైన వంటింట్లో పాలు పొయ్యిమీద పెట్టి, పక్క గదిలో బట్టలు మడతపెడుతోంది. మామగారు ఆ పక్కనే, వంటింటి గుమ్మానికి ఆనుకుని, పేపరు చదువుకుంటున్నాడు. పాలు పొంగి, ఇగిరి, గిన్నె అడుగంటి నల్లబడిపోయింది. మేడంతా మాడు కంపు. కింద్నించి భర్త పరిగెత్తుకొచ్చి, "ఇల్లు తగలబెడతారా ఏంటి? ఇద్దరూ ఇక్కడే ఉండి చూస్తున్నారా?" అని అరిచాడు.

"నేను కునుకు తీశాను లేరా," అన్నాడు మామగారు పేపరు మడుస్తూ.

ఆయన కునుకు తీయలేదు. పేజీ తిప్పిన చప్పుడు ఆమె విన్నది. తన గుట్టు ఆయనకి తెలిసిపోయిందనీ, తెలిసీ కడుపులో పెట్టుకుని కాపాడాడనీ అనుకుంది. ఆ రోజు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత పెద్దమనసున్న మనిషిని మోసం చేస్తున్నానే అని కుమిలిపోయింది. కుమిలిపోయిందే గానీ నోరు విప్పలేదు.

ఇక అసలు సంగతి. ట్యాంకులు కడిగే ఆవిడని అందరూ ట్యాంకులమ్మ అంటారు. నోటి దురుసు, చేతి శుభ్రం. ఆవిడ ఒకరోజు పన్ను పీకించుకోవడానికి వెళ్లింది. స్టౌట్‌కి ట్యాంకు కావాలి. "నేను కడుగుతాను లెండి," అని కోడలే చీర బిగించింది. అంతా కడిగాక చివర్లో ట్యాంకు మందు పోసి తిప్పి వదిలెయ్యాలి. పుల్లటి వెనిగర్ వాసన వేసే మందు అది. దాన్ని మళ్లీ నీళ్లతో కడగక్కర్లేదు. ఆ మందు డబ్బా పక్కనే గచ్చు కడిగే బ్లీచింగ్ నీళ్ల డబ్బా ఉంటుంది. రెండూ తెల్ల డబ్బాలే, రెంటిలోనూ నీళ్లలాంటిదే. చీటీలు లేవు. ఆ ఇంట్లో చీటీలు ముక్కు లేనివాళ్లకి.

ఆమె మూత తీసింది. వాసన చూసింది. ఏముంది చూడ్డానికి? రెండో మూత తీసింది. అదీ అంతే. కాగుల దగ్గర ఇద్దరు మనుషులున్నారు. "ఇందులో మందు ఏది?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కోడలుగారు, ఆ ముక్కు పెట్టుకుని, ఏది ఏదని అడగడమా? కుడి చేతి పక్కది మందు అయ్యుంటుందిలే, ట్యాంకులమ్మ కుడి చేతి మనిషే గదా, అనుకుని పోసేసింది. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడం అంటే ఇదే.

ఆ ట్యాంకులో పులిసిన స్టౌట్ నల్లగా నిగనిగలాడుతూ వచ్చింది. నురగ చక్కగా గోధుమరంగులో నిలబడింది. నాలుక మీద ఆరిపోయే చేదు, ఎక్కడుండాల్సింది అక్కడే ఉంది. ఆమె గ్లాసు ముక్కు కింద పెట్టుకుని "ఊఁ" అంది. మామగారు గ్లాసు బోర్లించాడు. ఆయన బోర్లించాడు గనుక ఆమె కూడా బోర్లించింది. పీపాలు వ్యానెక్కాయి.

మర్నాడు పొద్దున్నే వీధి మూల బారు నడిపే ఆవిడ ఒక పీపాని రిక్షాలో వేసుకుని తనే దిగింది. వెనకాలే ఇంకో రెండు బార్ల నుంచి ఫోన్లు. 

"పెద్దాయనగారూ, ఇన్నేళ్ల నుంచి మీ సరుకు తప్ప వేరేది పెట్టలేదు నేను," అంది ఆవిడ, కోపం కంటే బాధ ఎక్కువగా. "నిన్న గ్లాసు నోటి దగ్గర పెట్టినవాడల్లా కింద పెట్టేశాడు. బీరు తాగినట్టు లేదండీ, పళ్ల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూర్చున్నట్టుంది. మీరిద్దరూ చూసే పంపారా ఇది?"

అందరూ రుచి గదిలోకి వచ్చారు. చిన్నాయన పీపాలోంచి ఒక గ్లాసు పట్టి, జన్మలో మొదటిసారి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. మొహం వికారంగా పెట్టి గ్లాసు దూరంగా జరిపాడు.

"ఆసుపత్రి కంపు! నాకే తెలుస్తోందే!" 

బ్లీచింగ్ తగిలితే మాల్ట్‌కి ఆ మందుల కంపు పడుతుందని ఆ ఇంట్లో పుట్టినవాడికి తెలియకపోలేదు. అతను గుమ్మంలో నిలబడ్డ ట్యాంకులమ్మ మీద పడ్డాడు. "ఏ డబ్బా పోశావ్ ట్యాంకులో?"

"నేనా? నేను ఆ రోజు రానే లేదు. ఇదిగో పన్ను," అని ఆవిడ నోరు తెరిచి పన్ను పీకిన చోటు చూపించింది. "కోడలుగారే కడుగుతానన్నారు. అడగండి."

"ఆమె కడిగితే బ్లీచింగ్‌కీ మందుకీ తేడా తెలీదా? ఆ ముక్కుకి? ఎవరికి చెప్తున్నావ్ కథలు? నువ్వే ఒకదాంట్లో ఇంకోటి పోసి పెట్టుంటావు. రేపటి నుంచి రావద్దు."

ఎప్పుడూ ఆగని ట్యాంకులమ్మ నోరు ఆగిపోయింది. తిరిగి కోడలి వైపు చూసింది. కోడలికి దొంగకి తేలు కుట్టినట్టయింది. ఇన్నాళ్లూ తనని నిలబెట్టిన పేరే ఇప్పుడు ఇంకో మనిషి పొట్ట కొడుతోంది. కళ్లు దించేసుకుంది.

"ఆగరా," అన్నాడు మామగారు.

ఆయన తన కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. రెండు చేతులూ బల్లమీద పెట్టుకున్నాడు.

"ట్యాంకు ఎవరు కడిగారన్నది తర్వాత చూద్దాం. కడిగేవాళ్లు తప్పు చేస్తారనేగా ఈ గది పెట్టుకున్నది? ముందుగా గ్లాసు బోర్లించింది నేను. నాకు వాసన పోయి రెండేళ్లు దాటింది."

చిన్నాయన చేతిలో గ్లాసు బల్లమీద పెట్టేశాడు.

"ఏంటి నాన్నా మీరనేది?"

"ముందు సన్నగిల్లింది. తర్వాత మొత్తానికి పోయింది. మెడనొప్పీ లేదు, నా మొహమూ లేదు. కోడలి మొహం కనపడాలని తిప్పాను కుర్చీ. తను వాసన చూసి కళ్లు మూసుకుని 'ఊఁ' అంటే, బాగుందన్నమాట అని బోర్లించేవాణ్ణి. ఈ ఇంట్లో ఉన్నది ఒక్క ముక్కేరా. రెండోది నాటకం." ఆయన గుమ్మం వైపు చూపించాడు. "తమ్ముణ్ణి అదే గుమ్మంలోంచి గెంటాను నేను. వాడు చుట్ట కాల్చి పోగొట్టుకున్నాడు, నేను ఊరికే పోగొట్టుకున్నాను. వాణ్ణి గెంటాను, నేను కూర్చున్నాను."

మూల బారు ఆవిడ చీర కుచ్చిళ్లు సర్దుకుంది, తను వినకూడని మాటలు వింటున్నట్టు. 

మామగారు కోడలి వైపు తిరిగాడు. మాట మెత్తగా ఉంది. "ఇందులో దీని తప్పేం లేదు. దీనికి తెలిసే ఉంటుంది. మొహం చిట్లించేలోపే నేను తొందరపడి బోర్లించేశాను. పెద్దవాడు బోర్లించాక కాదనడం ఎలా అని మర్యాదకి ఊరుకుంది. అంతేగా అమ్మా?"

తల ఊపితే చాలు. అదొక్కటే చాలు. కుర్చీ నిలబడుతుంది, పేరు నిలబడుతుంది. పైగా పెద్దవాళ్లంటే ఎంత గౌరవమో అని ఇంకాస్త మెచ్చుకుంటారు. ఆయనే చేతులారా తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఆమెకి తల ఊపాలని ఎంత అనిపించిందో ఆమెకే తెలుసు. కానీ ఆ ముసలాయన తన పరువు మొత్తం బల్లమీద పోసి, అందులోంచి కాస్త ఏరి తనకి ఇస్తున్నాడు. అది తీసుకుంటే ఇక ఏ అన్నం తిన్నా గొంతు దిగదు.

"కాదు మామయ్యగారూ," అంది. "నాకు తెలీలేదు."

"ఆ రోజు జలుబు చేసిందా?"

"జలుబు కాదు. చలికాలం జ్వరం వచ్చిందే, అప్పట్నించి నాకూ వాసన లేదు. ఆ డబ్బాలు రెండూ మూత తీసి చూశాను. ఏది ఏదో తెలీలేదు. అడగడానికి సిగ్గేసింది. ట్యాంకులమ్మది ఏ తప్పూ లేదు, పోసింది నేనే."

ఆయనకి వెంటనే ఎక్కలేదు. నుదురు ముడేసి ఆమెనే చూస్తున్నాడు.

"మరి పాలు మాడిన రోజు..."

"నాకు తెలియలేదు. మీకు తెలిసి కూడా నన్ను కాపాడారనుకున్నాను."

"నాకేం తెలుసమ్మా! పేపరు చదువుకుంటున్నాను. వాడొచ్చి అరిస్తే కునుకు తీశానని అబద్ధమాడాను."

చిన్నాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ట్యాంకులమ్మ గొంతులోంచి నవ్వులాంటిది ఒకటి వచ్చి, మధ్యలోనే ఆగిపోయింది. నవ్వు రావాల్సిన చోటే అది, ఎవరికీ రాలేదు.

"మరి ఆ 'ఊఁ'?" అని అడిగాడు మామగారు. గొంతు పూర్తిగా తగ్గిపోయింది. "కళ్లు మూసుకుని ఊఁ అంటావే అమ్మాయ్, నిండుగా. అదేంటి మరి?"

"మీకు అనుమానం రాకూడదని," అంది ఆమె, ఏడుపు ఆపుకుంటూ. "మీరు బోర్లిస్తే చూసి నేను బోర్లించేదాన్ని."

తన ముక్కు పోయిన రోజున కూడా ఆయన ఇంతగా కుంగలేదు. అప్పుడు కోడలుంది గదా అనుకున్నాడు. తన విద్య ఆ ఎదురు కుర్చీలో భద్రంగా కూర్చుని ఉందని, తను పోయినా అది ఉంటుందని, ఆ ధైర్యంతో పొద్దున్నే లేచి కిందికి దిగేవాడు. ఇప్పుడు ఆ ధైర్యం కూడా పోయింది.

"ఎలా చెప్పావ్ ఇన్నాళ్లూ?" అన్నాడు చివరికి. "పోర్టరేదో, స్టౌటేదో?"

"నాలుక ఆరిపోవడం చూసేదాన్ని. దీపం దగ్గర అంచు చూసేదాన్ని."

"నురగ?"

"నురగ కూడా."

"నేనూ అంతే," అన్నాడాయన. "పాల స్టౌట్ తేలికే."

"తేలికే మామయ్యగారూ."

అంతకంటే ఏం మాట్లాడుకుంటారు? నాలుగు రకాలనీ విడదీయడానికి నాలుక చాలింది, కళ్లు చాలాయి. చెడింది చెడిందని చెప్పడానికే ముక్కు కావాలి. అది ఇద్దరి దగ్గరా లేదు. అదెంత మామూలు సంగతో, ఎంత ఘోరమైన సంగతో, ఆ ఇద్దరికీ ఒక్కసారే అర్థమైంది.

"సరే, ఇప్పుడు ఈ గదిలో ఎవరు కూర్చుంటారు?" అన్నాడు చిన్నాయన. అతను కసురుకోవాలనే అడిగాడు గానీ, ఆ మాట దిక్కులేనివాడి మాటలా వచ్చింది.

మామగారు లేచి నిలబడ్డాడు. కట్టుబాటు పెట్టింది ఆయన, అమలు చేయాల్సిందీ ఆయనే. కోడలి కుర్చీ వీపు మీద చెయ్యి వేశాడు. కుర్చీ మాత్రం లాగలేకపోయాడు. తమ్ముడి కుర్చీని ఒక్క ఊపులో లాగేసిన చెయ్యి అది.

"ఉండండి," అంది ఆమె. ఆయన చెయ్యి తీసి పక్కన పెట్టి, తన కుర్చీ తనే ఎత్తుకుని గుమ్మం దాటించి, మెట్ల కింద పెట్టింది. తిరిగి వచ్చింది. ఆయన పక్కకి జరిగాడు. ఆయన కుర్చీ కూడా ఎత్తుకుపోయి తన కుర్చీ పక్కనే పెట్టింది. గదిలో రెండు బల్లలు మిగిలాయి. 

ట్యాంకులమ్మ దగ్గరికి వెళ్లి, "నీ మీదికి వస్తుంటే నోరు మూసుకున్నాను. నన్ను క్షమించు," అంది. 

"మూసుకున్నారు," అంది ట్యాంకులమ్మ. ఆవిడకి లేనిపోని మర్యాదలు రావు. "పదండి, ముందా దరిద్రాన్ని వదిలిద్దాం."

ట్యాంకులో మిగిలిన స్టౌట్, వెనక్కి వచ్చిన పీపాలు, అన్నీ పారబోయాలి. మూల బారు ఆవిడ కూడా వెళ్లకుండా నిలబడిపోయింది. ట్యాంకులమ్మ ట్యాంకు అడుగున ఉన్న మర తిప్పింది. నల్లటి బీరు భళ్లున గచ్చు మీద పడి, గోధుమరంగు నురగలు కక్కుతూ, కాలవ వైపు పరిగెత్తింది. చూడ్డానికి ఎంత బాగుందో! అంత మంచి నురగ ఆ ఏడాది ఇంకే స్టౌట్‌కీ రాలేదు.

కంపు లేచింది కాబోలు. చిన్నాయన రెండడుగులు వెనక్కి వేసి మోచేత్తో ముక్కు మూసుకున్నాడు. మూల బారు ఆవిడ కొంగు అడ్డం పెట్టుకుంది. కాగుల దగ్గర మనుషులు దగ్గుతూ తలుపుల వైపు పోయారు. మర తిప్పిన ట్యాంకులమ్మ కూడా మొహం అటు తిప్పేసుకుంది.

కాలవ పక్కన మామగారు, ఆయన పక్కన కోడలు. ఇద్దరూ ముక్కులు మూసుకోలేదు.

"బాగా కంపు కొడుతోందా?" అని అడిగాడు మామగారు, ఎవరినో ఒకరిని.

అందరి నోళ్లూ మూసే ఉన్నాయి. ఆయన కోడలి మొహం వైపు చూశాడు, అలవాటు కొద్దీ. ఆమె కూడా ఆయన మొహం వైపే చూస్తోంది.